పుట్టలోని తోటను చూచిన వైద్యుడు

కరివేపాకు లేని వంటిల్లు తెలుగుదేశంలో వుండదు. చారులోను, పులుసులోను ఆ రెమ్మ పడనిదే మన యిల్లాండ్రకు వంట ముగిసినట్లు తోచదు. తిన్నవాడు మాత్రం దానిని ఏరి విస్తరి అంచున పెడతాడు. పని తీరిన పిదప పక్కకు నెట్టబడిన మనిషిని కూరలో కరివేపాకుతో పోల్చడం మన భాషలో వున్నదే. ఈ కరివేపాకునకు వృక్షశాస్త్ర గ్రంథాలలో చిరకాలంగా నిలిచిన పేరు ముర్రయా కోనిగీ. విద్యార్థులు ఆ పేరును వల్లె వేస్తారు గాని, దాని చివర నిలిచిన కోనిగ్ ఎవరో విచారించినవారు తక్కువ. ఆయన బాల్టిక్ సముద్ర ప్రాంతపు చలిదేశంలో పుట్టి, మన కాకినాడను ఆనుకొని వున్న జగన్నాథపురంలో కన్నుమూసినాడు. ఆయనకు రావలసిన ఖ్యాతి కరివేపాకుతో తీరేది కాదు. చెదపుట్ట లోపల ఒక తోట వున్నదనీ, ఆ తోటలోని బూజునకూ చెదపురుగునకూ సంబంధమున్నదనీ చూచి, గ్రంథస్థం చేసినవారిలో ఆయనే మొదటివాడు.

యోహాన్ గెర్హార్ట్ కోనిగ్ 1728 నవంబరు 29న లివోనియాలో జన్మించినాడు. ఆ జన్మస్థలం నేడు లాట్వియా దేశంలో వున్నది. యౌవనంలో ఆయనకు లభించిన గొప్ప భాగ్యం స్వీడను దేశంలో లిన్నేయసు వద్ద శిష్యరికం. ప్రతి ప్రాణికీ, ప్రతి మొక్కకూ ఇంటిపేరు, సొంతపేరు వలె రెండేసి మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచిన మహానుభావుడు లిన్నేయసు. తాను కదలకుండా కూర్చుండి, శిష్యులను భూమండలం నలుమూలలకూ పంపి, వారు తెచ్చిన మొక్కలకు పేర్లు పెట్టడం ఆయన అలవాటు. అట్లా వెళ్ళిన శిష్యులలో పలువురు తిరిగి యిల్లు చేరలేదు. కోనిగ్ కూడ ఆ కోవలో చేరవలసినవాడే.

చదువు పిదప డెన్మార్కులో కొన్ని సంవత్సరాలు గడపి, ఆ దేశపు మొక్కలను బొమ్మలతో సహా ప్రకటిస్తున్న మహాగ్రంథానికి తోడ్పడినాడు. 1764, 1765 సంవత్సరాలలో ఐస్లాండు ద్వీపంలో తిరిగినాడు. అక్కడ దొరికిన అతి చిన్న మొక్క ఒకదానికి లిన్నేయసు 1767లో కోనిగియా అని శిష్యుని పేరు పెట్టినాడు. మంచుదేశంలో రెండు మూడు అంగుళాలకు మించని ఆ మొక్కకూ, మన పెరటి కరివేప చెట్టుకూ ఒకే మనిషి పేరు వుండడం తమాషాగా తోచవచ్చును. ఒకే జీవితకాలంలో ఆయన తిరిగిన దూరానికి ఆ రెండు పేర్లే కొలత.

1767లో ఆయన ఓడ యెక్కి, మరుసటి యేడు తరంగంబాడి చేరినాడు. కావేరి సముద్రంలో కలిసే తీరాన వున్న ఆ పట్టణం 1620 నుండి డెన్మార్కువారి చేతిలో వుండేది. అక్కడి క్రైస్తవ మతబోధకుల సంఘానికి వైద్యుడుగా ఆయన నియుక్తుడైనాడు. ఉదయం రోగులు, సాయంకాలం మొక్కలు. ఆ మతబోధకులలో ప్రకృతిశాస్త్రం మీద మక్కువ గలవారు కొందరుండేవారు. జాన్, రాట్లర్ అనువారు వారిలో ముఖ్యులు. కోనిగ్ వారికి గురువువంటివాడైనాడు. లిన్నేయసు పద్ధతిలో మొక్కలకు పేర్లు పెట్టే విద్య భారతదేశంలో ఆయనతోనే ఆరంభమైనదని వృక్షశాస్త్ర చరిత్రకారులు అంగీకరిస్తారు. ఆయన పంపిన మాదిరులను చూచి లిన్నేయసు 1771లో కరివేపకు బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టినాడు. 1825లో స్ప్రెంగెల్ అనే పండితుడు దానిని ముర్రయాగా మార్చినాడు. ఇటీవలి పరిశోధనల ఫలితంగా పలువురు శాస్త్రజ్ఞులు మరల లిన్నేయసు పెట్టిన పేరునే వాడుతున్నారు. మొదటి మాట మారినా రెండవ మాట మాత్రం చెక్కుచెదరలేదు.

కోపెన్‌హాగెను విశ్వవిద్యాలయం 1773లో, ఆయన యిక్కడ వుండగానే, వైద్యశాస్త్రంలో పట్టమిచ్చినది. అయితే పట్టముతో పొట్ట నిండదు. మతసంఘమిచ్చే జీతం దేశసంచారానికి చాలదు. అందుచేత 1774లో ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా చేరినాడు. మొక్కలను, పురుగులను, రాళ్ళను పరీక్షించడమే ఉద్యోగమైన మనిషిని కొలువులో పెట్టుకొన్న నవాబు అభిరుచిని కూడ మెచ్చుకొనవలసిందే. నాలుగేండ్ల పిదప, 1778లో, చెన్నపట్నపు ఇంగ్లీషు కుంఫిణీవారు ఆయనను తీసుకొన్నారు. వారి పనిమీద ఆయన సయాము దేశానికి, మలక్కా తీరానికి పోయి 1780లో తిరిగివచ్చినాడు. సింహళానికీ వెళ్ళినాడు. ఆ ప్రయాణాల కథ చాలా పెద్దది. కాని ఆయన జీవితంలో మనకు ఎక్కువ విలువైన పని అంత దూరాన జరుగలేదు. అది తంజావూరు, తరంగంబాడి ప్రాంతాలలోని పుట్టల దగ్గర జరిగినది.

చెదపురుగు ఐరోపావారికి కొత్త శత్రువు. వారి కాగితాలను, పెట్టెలను, ఇంటి దూలాలను అది తినివేస్తుంటే తిట్టుకొనడమే గాని, అది ఎట్లా బ్రతుకుతున్నదో చూడాలన్న కోరిక అరుదు. తెల్లచీమ అని వారు దానికి పేరు పెట్టినారు. అది చీమ కానేకాదు. చీమకంటె బొద్దింకకే దగ్గరి చుట్టమని నేటి శాస్త్రం చెప్పుచున్నది. కోనిగ్ మాత్రం గునపం పట్టించి పుట్టలు త్రవ్వించి, అంతస్తుల వారీగా పరిశీలించినాడు. పలు జాతుల చెదలున్నవనీ, అన్నిటి కాపురం ఒక తీరున వుండదనీ గ్రహించినాడు. తాను చూచినదంతా జర్మను భాషలో వ్రాసి పంపగా, 1779లో బెర్లినులోని ప్రకృతిశాస్త్ర మిత్రమండలివారు తమ సంపుటంలో ప్రకటించినారు. అందులో ఆయన పేర్లు పెట్టిన జాతులలో కొన్నింటిని నేటికీ కీటకశాస్త్రజ్ఞులు ఆయన పేరుతోనే చెప్పుకొంటారు. పగటిపూట బారులు తీరి బయలులో నడచి గడ్డి కోసుకొనిపోయే చెదకు ఆయన వియారమ్ అన్నాడు. లాటిను భాషలో బాటలకు సంబంధించినదని దానికి అర్థం. రెండవది కన్వల్షనేరియస్. దక్షిణ దేశంలో తోట పెంచే పెద్ద చెదలలో ఇది ఒకటి.

ఆ వ్యాసంలో చదువదగిన భాగం పురుగును గురించి మాత్రమే కాదు. పురుగుతో మనుష్యులకున్న సంబంధాన్ని కూడ ఆయన వ్రాసినాడు. తొలకరి వానలకు రెక్కలు మొలచి బయటకు లేచే చెదలను మనం ఉసిళ్ళు అంటాము. అవి లేవకముందే వాటిని పట్టే ఉపాయం ఆ ప్రాంతపు జనానికి తెలుసు. పుట్టకు రెండు కన్నాలు చేస్తారు. ఒకటి గాలి వచ్చే దిక్కున, రెండవది గాలి పోయే దిక్కున. గాలి పోయేవైపు కన్నానికి కుండ మూతి ఆనించి, ఆ కుండ లోపల సువాసన గల ఆకును రుద్దుతారు. ఆ ఆకు మరేదో కాదు, కోనిగ్ పేరు మోసే కరివేపాకే. గాలి వచ్చేవైపు దుర్గంధపు పొగ వేస్తారు. పొగకు తాళలేక ఉసిళ్ళు కుండలోనికి పరుగెత్తుతాయి. అప్పుడప్పుడు వాటితో పాటు పడగ విప్పే పాము కూడ వచ్చి కుండలో పడుతుంది గనుక, కుండ తీసేవారు జాగ్రత్తగా వుండవలెనని ఆయన వ్రాయడం మరువలేదు. చీమల పుట్టలో పాము చేరుతుందన్న సామెత పుట్టిన దేశంలో ఇది వింత కాదు, బెర్లిను పాఠకులకు మాత్రం వింతయే అయివుండును. పట్టిన ఉసిళ్ళను పిండితో కలిపి వండి, బీదవారికి చౌకగా అమ్మేవారట. వైద్యుడు గనుక, ఆ తిండి ఎక్కువైన కాలంలో జనానికి కడుపునొప్పి, రక్తగ్రహణి వచ్చి ప్రాణం మీదికి తెస్తాయని కూడ చేర్చినాడు. తెలుగు పల్లెలలో కొన్నిచోట్ల ఉసిళ్ళను వేయించి తినే అలవాటు నేటికీ వున్నది.

ఇక ఆ తోట సంగతి. పుట్ట మధ్యకు త్రవ్వితే మట్టి అరలలో గోధుమరంగు ముద్దలు కనబడతాయి. పైకి అక్రోటుకాయ పప్పువలె ముడుతలు పడి, స్పంజివలె కన్నాలతో తేలికగా వుంటాయి. చేతికి కొంచెం తడి తగులుతుంది. దగ్గరగా చూస్తే వాటి మీద ఆవగింజంత తెల్లని గుండ్లు మొలచి వుంటాయి. పిల్ల చెదలు వాటి చుట్టూ మూగి వుంటాయి. త్రవ్వినవారెవరికైనా ఇవి కనబడేవే. కాని చూచినవారు పురుగు గుడ్లనో, పాచి అనో అనుకొని వదలేవారు. కోనిగ్ వాటిని శిలీంధ్రజాతికి చెందిన బూజుగా గుర్తించినాడు. అంతటితో ఆగక, ఈ గుండ్లు పిల్ల చెదలకు ఆహారమై వుండునని అభిప్రాయపడినాడు. పురుగు తన యింటిలో బూజును పెంచుకొని తింటున్నదని అనడానికి 1779లో ధైర్యం కావలెను. సూక్ష్మజీవులు రోగకారకములన్న సంగతే అప్పటికి స్థిరపడలేదు. పాస్టరు పుట్టడానికి ఇంకా 43 సంవత్సరాలున్నవి. కుళ్ళిన చోట బూజు తనంతట తాను పుడుతుందని నమ్మే రోజులవి.

రెండేండ్ల తరువాత, 1781లో, హెన్రీ స్మీత్‌మన్ అనే ఆంగ్లేయుడు ఆఫ్రికా చెదలను గురించి లండను రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించినాడు. చక్కని బొమ్మలతో, మనిషి ఎత్తుకు మించిన పుట్టల వర్ణనతో అది ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందినది. పుట్టలోని బూజును స్మీత్‌మన్ కూడ చూచినాడు. కోనిగ్ వ్యాసాన్ని ఆయన తన వ్యాసంలో పేర్కొని, న్యాయం చేసినాడు. అయినప్పటికీ లోకానికి గుర్తున్నది స్మీత్‌మన్ పేరే. జర్మను వ్యాసాన్ని చదివేవారెందరు?

కోనిగ్ ఊహ సరియైనదేనా? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి రెండు వందల సంవత్సరాలు దాటినవి. అది తేలిక ప్రశ్న కాదు. అడవిలో రాలిన ఆకు, విరిగిన కొమ్మ, ఎండిన గడ్డి, వీటిలో ఆహారం లేకపోలేదు. కాని ఆ ఆహారం సెల్యులోజు అనే పదార్థంలో బిగిసి వుంటుంది. దానిని లిగ్నిన్ అనే మరింత మొండి పదార్థం అల్లుకొని వుంటుంది. కొయ్యకు గట్టితనమిచ్చేది ఈ లిగ్నినే. దానిని విడదీసే శక్తి జంతువులకు లేదనే చెప్పవచ్చును. శిలీంధ్రాలలో కొన్నిటికి వున్నది. చెదలలో చాలా జాతులు మరొక దారి పట్టినవి. వాటి ప్రేగులలో నివసించే ఏకకణజీవులు వాటికి బదులుగా కొయ్యను జీర్ణం చేస్తాయి. అమెరికాలో జోసెఫ్ లీడీ 1877లో ఈ ఏకకణజీవులను వర్ణించినాడు. 1920 ప్రాంతాలలో క్లీవ్‌లాండు అనే శాస్త్రజ్ఞుడు వాటిని తొలగిస్తే, చెదపురుగు కడుపునిండ కొయ్య తింటూనే ఆకలితో చచ్చునని రుజువు చేసినాడు. కోనిగ్ చూచిన పుట్టచెదల ప్రేగులలో ఆ ఏకకణజీవులు లేవు. వాటి పనిని పుట్టలోని తోట చేస్తుంది. ఒక విధంగా అది పురుగు దేహానికి వెలుపల వున్న కడుపు.

పని జరిగే తీరు ఇట్లా వుంటుంది. వయసు మళ్ళిన కూలిచెదలు బయటికి పోయి ఎండుటాకును, పుల్లను కొరికి తెస్తాయి. ప్రమాదకరమైన బయటి పని ముసలివాటికి, ఇంటిపని పిల్లలకు అన్నది వాటి కట్టుబాటు. పిల్లకూలీలు ఆ ఆకును, దానితో పాటు తోటలోని తెల్లని గుండ్లను తింటాయి. గుండ్లలోని విత్తులవంటి బీజాలు ఆకుపొడితో కలిసి, జీర్ణం కాకుండానే, త్వరగా బయటపడతాయి. ఆ రెట్టనే తోటపై కొత్త పొరగా పేరుస్తాయి. ఎరువు, విత్తనం, పొలం అన్నీ ఒక్కసారే సిద్ధమైనట్లు. బూజు ఆ పొరలో అల్లుకొని లిగ్నిన్‌ను విరుస్తుంది. కొన్ని వారాలకు మరల తెల్లని గుండ్లు మొలుస్తాయి. పిల్లకూలీలు వాటిని తింటాయి. బూజు పని ముగించిన అడుగు పొరను పెద్దకూలీలు తింటాయి. మిగిలిన జీర్ణక్రియను వాటి ప్రేగులలోని బాక్టీరియా పూర్తి చేస్తాయి. పురుగు, బూజు, బాక్టీరియా ఈ మూడింటి జన్యువులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2014లో ఈ పని పంపకాన్ని వివరించినారు. కఠినమైన పదార్థాలను విడగొట్టే పని ప్రధానంగా బూజుది, చివరి మెరుగు బాక్టీరియాది. కనుక గుండ్లు ఆహారమన్న కోనిగ్ మాట సరియైనదే. అవి ఆహారమే గాక విత్తనాలు కూడ అన్నంతవరకు ఆయన పోలేదు. అందుకు కావలసిన పనిముట్లు ఆ కాలంలో లేవు.

ఈ బూజు పుట్ట వెలుపల బ్రతుకజాలదు. ఈ చెద బూజు లేకుండ బ్రతుకజాలదు. ఈ పొత్తు ఆఫ్రికాలోని వానల అడవిలో సుమారు 3 కోట్ల సంవత్సరాల క్రిందట ఒక్కసారే కుదిరిందని జన్యువుల పోలిక వలన తేలినది. రాతిగా మారిన చెదతోట ఒకటి టాంజానియాలో దొరికినది. దాని వయసు 2 కోట్ల 50 లక్షల సంవత్సరాలు. వానల అడవిలో పుట్టిన బూజునకు ఎప్పుడూ తడి, వెచ్చదనం కావలెను. ఎండకు బీటలువారే నేలలో అవి ఎక్కడివి? పుట్ట వాటిని సమకూరుస్తుంది. బయట ఎంత ఎండ కాసినా తోట అరలో వేడి 30 డిగ్రీల ప్రాంతంలోనే నిలుస్తుంది, తేమ తగ్గదు. పగటికీ రాత్రికీ మధ్య మారే వేడిని వాడుకొని పుట్ట గోడలు లోపలి గాలిని ఎట్లా మారుస్తాయో 2015లో బెంగుళూరులోని పుట్టల మీద జరిగిన పరిశోధన చూపినది. అందుచేతనే మన నల్లమలవంటి ఎండుటడవులలో, వానలు లేక నేలపై బూజులన్నీ ముడుచుకొని పడివున్న నెలలలో సైతం, పుట్టల లోపల ఆకులు కుళ్ళి సారం కావడం ఆగదు. రాలిన ఆకులోని సత్తువ మరల నేలకు, నేలనుండి చెట్టుకు చేరే దారిలో ఈ తోట ఒక పెద్ద మజిలీ. పుట్టమన్ను పొలానికి బలమని మన రైతు ఊరకనే అనలేదు.

ప్రతి పొలంలోను కలుపు వుంటుంది, ఈ తోటలోను వున్నది. జైలేరియా జాతి శిలీంధ్రం తోటలో దాగి వుంటుంది. చెదలున్నంత కాలం తల యెత్తదు. వాటిని తొలగించి తోటను ఒంటరిగా వుంచితే, కొద్ది రోజులలో కలుపు విజృంభించి తోటను కప్పివేస్తుంది. చెదలు పంటను, కలుపును వాసనతో వేరుచేసి, కలుపును మట్టి ఉండలతో పూడ్చివేస్తాయని బెంగుళూరు శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించినారు. చీకటిలో బ్రతికే ఈ కూలీలకు కన్నులు లేవు.

పురుగులు బూజును సాగుచేయడం అడవులలో మరి రెండు చోట్ల కూడ కనబడినది. జర్మనీ అడవులలో కొయ్య తొలిచే పెంకుపురుగుల బొరియలలో పెరిగే బూజును థియోడోర్ హార్టిగ్ 1844లో గుర్తించినాడు. అమెరికా ఖండపు అడవులలో ఆకులు కత్తిరించుకొనిపోయే చీమలు ఆ ఆకుల మీద బూజు పెంచుతాయని థామస్ బెల్ట్ 1874లో ఊహింపగా, ఆల్ఫ్రెడ్ మోలర్ 1893లో బ్రెజిలులో రుజువు చేసినాడు. ఈ మూడు సేద్యాలలోను మొట్టమొదట వెలుగులోనికి వచ్చినది తంజావూరు పుట్టలలోని సేద్యమే.

వానలు బాగుగా పడిన తరువాత తోటలోని బూజు తన సంతతి కొరకు ఒక పొడవైన వేరువంటి కాడను మట్టి గుండా పైకి పంపి, పుట్ట నెత్తిన గొడుగు విప్పుతుంది. ఆ గొడుగు నుండి రాలిన బీజాలనే కొత్త కాపురాల తొలి కూలీలు మేతతో పాటు లోనికి తీసుకొనిపోయి తోట నాటుతాయి. చాలా జాతులలో పెండ్లికి ఎగిరిపోయే ఉసిళ్ళు తమతో విత్తనం తీసుకొనిపోవు. సింహళంలోని పెరదేనియా ఉద్యానవనంలో పనిచేసిన పెచ్ 1906లో ఈ గొడుగులను, తోటలను గురించి విపులంగా వ్రాసినాడు. ఫ్రెంచి పండితుడు రోజే హేమ్ 1942లో వీటిని ప్రత్యేకమైన ప్రజాతిగా విడదీసి టెర్మిటోమైసిస్ అన్నాడు. చెదబూజు అని దాని అర్థం. తెలుగువారు ఎన్ని తరాల క్రిందటనో దానికి పుట్టగొడుగు అని పేరు పెట్టుకొన్నారు. నేడు పెంటకుప్ప మీద మొలిచినా, డబ్బాలో అమ్మినా, ప్రతి శిలీంధ్రపు గొడుగునూ ఆ పేరుతోనే పిలుస్తున్నాము గాని, ఆ మాట పుట్టినది పుట్ట దగ్గరే. తోటకూ గొడుగుకూ గల సంబంధం ఆ మాటను పుట్టించినవారికి ఎంతవరకు తెలుసునో చెప్పలేము. గొడుగు ఎక్కడ మొలుస్తుందో మాత్రం వారికి తప్పకుండ తెలుసు. కోనిగ్ పరిశోధనకు దారి చూపినవారు కూడ, కుండకు కరివేపాకు రుద్దిన ఆ పేరులేని పల్లెజనమే.

ఇంత విత్తనం నాటిన మనిషి తన పేర అచ్చు వేయించుకొన్నది బహు స్వల్పం. ఆయన ప్రతిదీ వ్రాసి పెట్టేవాడు, వ్రాసినది యితరులకు పంపేవాడు. స్వీడను పండితుడు రెట్జియస్ తన గ్రంథభాగాలలో కోనిగ్ వ్రాసిన అల్లపు జాతి మొక్కల వర్ణనలను, ఆర్కిడ్ల వర్ణనలను చేర్చి ప్రకటించినాడు. ఇంకా ఎన్నో మొక్కలు లిన్నేయసు పుస్తకాలలోను, ఆయన కుమారుని పుస్తకంలోను చేరినవి. ఇది ఔదార్యమా, అశ్రద్ధయా అన్నది తేల్చడం కష్టం. దేశాలు తిరగడం మీదనున్న ఆసక్తి ఆయనకు బల్ల ముందు కూర్చుండి గ్రంథం పూర్తి చేయడం మీద లేదన్నది మాత్రం స్పష్టం.

1782లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు తరంగంబాడి వచ్చి కోనిగ్‌ను కలుసుకొన్నాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణంలో కుంఫిణీ అధికారి. ఇద్దరు ప్రకృతిశాస్త్రజ్ఞులకు మైత్రి కుదిరినది. 1784లో కోనిగ్ విశాఖపట్టణం వచ్చి రస్సెల్‌తో గడపినాడు. కలకత్తా చేరవలెనని ఆయన సంకల్పం. దారిలో రక్తగ్రహణి పట్టుకొన్నది. ఉసిళ్ళు ఎక్కువగా తిన్నవారికి వస్తుందని తాను వ్రాసిన ఆ జబ్బే, వేరొక కారణాన, ఆయనకు వచ్చినది. అప్పటికి సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ కుంఫిణీ వైద్యుడుగా వుండి, మొక్కలు పెంచుచుండేవాడు. కోనిగ్‌ను గురువుగా భావించిన రాక్స్‌బర్గ్ స్వయంగా చికిత్స చేసినాడు. కాని మందు పనిచేయలేదు. డచ్చివారి వర్తకస్థావరంగా పేరొందిన జగన్నాథపురంలో 1785 జూన్ 26న కోనిగ్ మరణించినాడు. అప్పటికి ఆయన వయసు 56 సంవత్సరాలు.

మరణించేముందు ఆయన తన వ్రాతప్రతులన్నీ లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సుకు చెందునట్లు ఏర్పాటు చేసినాడు. కోనిగ్ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చినది. రస్సెల్ ఈ తీరపు పాములను పరిశీలించి 1796లో గొప్ప గ్రంథం ప్రకటించినాడు. రస్సెల్ పిదప 1789లో ఆ పని రాక్స్‌బర్గ్ స్వీకరించినాడు. కోరమండల తీరపు మొక్కలను గురించి ఆయన రచించిన బొమ్మల గ్రంథం 1795 నుండి వెలువడినది. ఆయన కలకత్తా ఉద్యానవనానికి అధిపతి అయి, భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడని పేరు పొందినాడు. కోనిగ్ వ్రాతప్రతులు మాత్రం బ్యాంక్సు సేకరణతో పాటు లండను మ్యూజియము చేరి, చాలాకాలం కట్టలుగా పడివున్నవి. సయాము ప్రయాణపు దినచర్య 1894లో, అనగా ఆయన గతించిన 109 సంవత్సరాలకు, సింగపూరులోని ఒక విద్వత్సంఘపు పత్రికలో ఆంగ్లంలో అచ్చయినది. చెదల మీది వ్యాసానికి ఆంగ్లానువాదం 1921లో, బీహారులోని పూసాలో జరిగిన కీటకశాస్త్రజ్ఞుల సమావేశపు సంపుటంలో వెలువడినది.